ఆటగాని బడలికయు ప్రాణవాయు ఋణమును

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



భారతమున శల్యపర్వము చదివినవారు ద్వైపాయన హ్రదమును మరువజాలరు. పదునొకండు అక్షౌహిణుల సేన నశించిన పిమ్మట దుర్యోధనుడు గదను చేబూని, ఒంటరిగా కాలినడకన వచ్చి, జలస్తంభనము చేసి ఆ మడుగులో పరుండెను. ధర్మరాజు గట్టున నిలిచి, ప్రాణభయముచే దాగితివా యని నిందించెను. భయముచేత గాదు, బడలికచేతనే నీట జొచ్చితినని దుర్యోధనుడు బదులు చెప్పెను. ఆ మాటయందు అభిమానమున్నది గాని అసత్యము లేదు. పదునెనిమిది దినములు పోరాడిన దేహమది. ఈ రాత్రి విశ్రమించి రేపు యుద్ధము చేయుదునని అతడు అశ్వత్థామాదులతోను పలికియుండెను. ఆ ఒక్క రాత్రియే అతనికి దక్కలేదు. మాంసము మోసుకొనిపోవు బోయలు ఆ మాటలు విని భీమునికి తెలిపిరి.

బడలిక తీరుటకు ఒక రాత్రి కావలెనని అంతటి గదాయోధుడు కోరెను. నేటి కాలమునందైనచో, అట్టివాని ముఖమునకు ఒక తొడుగు తగిలించి, సిలిండరు మర త్రిప్పి, ఐదు నిముషములలో బడలిక తీరునని చెప్పువారు పెక్కండ్రు కలరు. పట్టణములలో ప్రాణవాయువును డబ్బీలలో నింపి అమ్ముచున్నారు. గాలి బిగించిన గదులలో ఆటగాండ్రను గంటకొలది పరుండబెట్టుచున్నారు. ఈ వైద్యమున సత్యమెంత, వ్యాపారమెంత అనునది ప్రస్తుత విషయము. ఆటలాడు పిల్లలు లేని ఊరు లేదు గనుక ఇది గ్రంథాలయమునకు అన్యమైన విషయము కాదు.

1968 సంవత్సరము అక్టోబరు 13వ తేదీన మెక్సికో నగరమున ఒలింపిక్ క్రీడలలో 10,000 మీటర్ల పరుగు జరిగెను. ఆ దూరమునకు ప్రపంచమున అత్యల్పకాలము అప్పటికి ఆస్ట్రేలియా దేశీయుడగు రాన్ క్లార్క్ పేరిట నుండెను. 1965లో అతడు సాధించిన ఆ కాలము 27 నిముషముల 39.4 సెకండ్లు. ఐనను అతనికి ఒలింపిక్ స్వర్ణపతకము ఒక్కటియు లేదు. ఆ లోటును చూచి మనసు కరగిన మహావీరుడు, చెకొస్లొవేకియావాడగు ఎమిల్ జాటొపెక్, 1966లో తన స్వర్ణపతకములలో నొకదానిని క్లార్క్ చేతిలో బెట్టి పంపెనని ప్రసిద్ధము. దానములలో ఇట్టిది అరుదు.

మెక్సికో నగరము సముద్రమట్టమునకు 2,240 మీటర్ల ఎత్తున నున్నది. అచ్చటి గాలిలోను ప్రాణవాయువు నూటికి 21 పాళ్లే. కాని గాలియే పలుచన. అందుచే ప్రతి శ్వాసకు లభించు ప్రాణవాయువు సుమారు నాలుగవ వంతు తగ్గును. ఆ పందెమున కెన్యావాడగు నఫ్తాలి టెము మొదటివాడును, ఇథియోపియావాడగు మామో వొల్డే రెండవవాడును ఐరి. ఇరువురును ఉన్నత భూముల బిడ్డలు. టెము గెలిచిన కాలము 29 నిముషముల 27.4 సెకండ్లు, క్లార్క్ లెక్కకు అది నూరు సెకండ్లకు పైగా మందమైన పరుగు. ఐనను క్లార్క్ ఆరవవాడై గీత దాటి నేలపై కూలెను. తెలివి తప్పిన అతని ముఖమునకు ప్రాణవాయువు తొడుగు బెట్టిరి. ప్రక్కన మోకరిల్లిన జట్టువైద్యుడు కన్నీరు గార్చుచుండెను. ఆ ఛాయాచిత్రము లోకమెల్ల ప్రచారమాయెను.

ఆ చిత్రమును చూచినవానికి, పరుగెత్తి అలసినవానికి మందు ప్రాణవాయువే యని తోచుట సహజము. అది క్లార్క్ విషయమున నిజమే. అచ్చట గాలియందే కొరత యుండెను. కొరత యున్నచోట ఇచ్చినది వైద్యము. ఐతే సముద్రమట్టమున, గాలి నిండుగా నున్నచోట, ఆడి కూర్చున్న ఆరోగ్యవంతునికి అదే తొడుగు పెట్టినచో ఏమగును? ఇది చిత్రము చూచి చెప్పదగినది కాదు. లెక్క చూచి చెప్పవలెను.

ఈ లెక్కకు ఆద్యుడు లెక్కలవాడే యగుట విశేషము. ఫ్రాన్సు దేశమున లావోజియే పండితుడు ఒకవంక రసాయనశాస్త్రమును నడపుచు, మరియొకవంక ప్రభుత్వమునకు శిస్తులు వసూలు చేయు సంస్థలో భాగస్థుడై యుండెను. పదార్థములు మారునపుడు జమయు ఖర్చును సరిపోవలెనను పట్టుదల అతనికి ఎచ్చటినుండి వచ్చినదో ఊహింపవచ్చును. 1789-90 ప్రాంతమున అతడు సెగ్విన్ అను సహాయకుని ముఖమునకు తొడుగు పెట్టి, పాదముతో మర త్రొక్కించుచు, పని చేయువాని దేహము ఊరకున్నవాని దేహముకంటె ఎంత అధికముగా ప్రాణవాయువును గ్రహించునో కొలిచెను. 1794లో విప్లవప్రభుత్వము అతని శిరస్సు ఖండించెను; కారణము శాస్త్రము గాదు, శిస్తు.

తరువాత నూరేండ్లకు పైగా గడచిన పిమ్మట, 1907లో కేంబ్రిడ్జియందు ఫ్లెచర్, హాప్కిన్స్ అను ఇరువురు కప్పకండరములను పరీక్షించిరి. పని చేయించి అలయించిన కండరమున లాక్టిక్ ఆమ్లము చేరెను. అట్టి కండరమును ప్రాణవాయువునందుంచగా ఆ ఆమ్లము క్రమముగా మాయమాయెను. ఈ పరీక్ష దోషరహితము. దోషము దానినుండి లోకము తీసిన తాత్పర్యమున నున్నది: ఆమ్లమే అలసట, ప్రాణవాయువే విరుగుడు అని.

ఇంగ్లండు దేశపు ఏ. వి. హిల్, జర్మనీ దేశపు ఆటో మేయర్‌హాఫ్ ఈ మార్గముననే నడచి 1922 సంవత్సరపు నోబెల్ బహుమానమును పంచుకొనిరి. పరుగాపిన పిమ్మటను మనుజుడు కొంతసేపు రొప్పుచుండుట అందరును చూచినదే. హిల్, తన సహచరుడగు లప్టన్‌తో గూడి 1923లో, ఆ రొప్పుటకు 'ప్రాణవాయు ఋణము' అని పేరు పెట్టెను. పరుగునందు దేహము ఆదాయమునకు మించి వెచ్చించును. పిమ్మట రొప్పుచు ఆ బాకీ తీర్చును. ఉపమానము ఎంత సొగసైనదనగా, అరువదేండ్లు అది శాస్త్రమై చెలామణి యాయెను. లెక్కలు వ్రాయువారికి ఇట్టి ప్రమాదము తెలియును: పద్దునకు ఇంపైన పేరు పడినచో, దాని క్రింద ఏమున్నదో మరల విప్పి చూచువారుండరు.

విప్పి చూచినవాడు తెలుగువాడు. యెల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరమున జన్మించెను. మద్రాసులో వైద్యవిద్య నభ్యసించి 1923లో బోస్టన్ నగరము చేరెను. పగలు చదువు, పొట్టకూటికి వైద్యశాలలో రాత్రి చాకిరి. హార్వర్డు వైద్యకళాశాలయందు సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో గూడి, రక్తమునందలి ఫాస్ఫరసును రంగునుబట్టి కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించెను. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యను పేర నది ప్రయోగశాలలలో ప్రసిద్ధి కెక్కెను. ఆ పద్ధతితో కండరమును పరీక్షింపగా, లెక్క కుదరలేదు. రంగు రావలసిన వేగమున రాక, నెమ్మదిగా వచ్చుచుండెను. సామాన్యుడు పరికరమున దోషమనుకొని విడిచియుండును. వీరు ఆ తేడాను వెంబడించి, ఫాస్ఫోక్రియాటిన్ అను అస్థిరమైన పదార్థము కండరమున దాగియున్నదని 1927లో వెల్లడించిరి. ఇంగ్లండున ఎగిల్టన్ దంపతులును అదే సమయమున దీనిని వేరుగా గుర్తించిరి. కండరము పని చేయునపుడు ఈ పదార్థము విరిగిపోవుననియు, విశ్రాంతియందు మరల కూడుకొనుననియు ఫిస్క్, సుబ్బారావులు చూపిరి.

దీని ఫలితము సామాన్యము గాదు. 1930లో డెన్మార్కు దేశీయుడగు లుండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ విషముచే నిరోధింపబడిన కండరము సైతము కొంతసేపు ముడుచుకొని పని చేయునని కనుగొనెను. హిల్ తన సిద్ధాంతము తారుమారైనదని దాపరికము లేక ఒప్పుకొనెను. పెద్దమనిషి లక్షణమది.

కండరపు సంపద యెట్లుండునో ఇంటి వాడుకతో చెప్పవచ్చును. ఏ. టి. పి. అను పదార్థము చేతిలోని చిల్లర. క్షణక్షణము ఖర్చగుచు క్షణక్షణము చేరుచుండును. ఫాస్ఫోక్రియాటిన్ రొంటిని ముడిచిన రూపాయలు. శక్తికొలది పరుగెత్తువానికి పది సెకండ్లలో చాలవరకు కరగును. గ్లైకోజెన్ గాదెలోని ధాన్యము. క్రొవ్వు దూరపు పొలములోని పంట. ఉన్నది విస్తారమేగాని వెంటనే ఇంటికి చేరదు. లాక్టిక్ ఆమ్లమో, లోకము దానిని చెత్తగా నెంచినది గాని, సగము కాలిన వంటచెరకు వంటిది. గుండె దానిని ఇష్టముతో వాడుకొనును. కాలేయము దానినుండి మరల చక్కెర చేయును. పరుగు ముగిసిన గంటలోపల రక్తమున అది యథాస్థితికి దిగును. పందెము ముగియగానే కూలబడక మెల్లగా నడచువానికి మరింత త్వరగా దిగును. పరుగనంతరము రొప్పుచు అధికముగా గ్రహించు ప్రాణవాయువు కేవలము ఆమ్లము బాకీ తీర్చుటకు గాదనియు, అందు దేహపు వేడి, గుండె వేగము మున్నగు పెక్కు పద్దులు కలవనియు తేలినందున, ఋణమను మాటనే నేటి శాస్త్రజ్ఞులు విడిచిపెట్టిరి.

ఇక సిలిండరు సంగతి. నూరు మిల్లీలీటర్ల రక్తమున సుమారు 15 గ్రాముల హెమోగ్లోబిన్ ఉండును. గ్రామునకు 1.34 మిల్లీలీటర్ల చొప్పున అది 20 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోయగలదు. ఆరోగ్యవంతుడు సముద్రమట్టమున మామూలు గాలి పీల్చునపుడే ఈ బండి నూటికి 97, 98 పాళ్లు నిండియుండును. నీటిలో చక్కెరవలె రక్తద్రవమున కరిగియుండు ప్రాణవాయువు వేరుగా 0.3 మిల్లీలీటరు మాత్రమే. స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్చినచో బండి నూటికి నూరు నిండును. కరిగినది సుమారు 2 మిల్లీలీటర్లకు పెరుగును. వెరసి 20 ఉన్నచోట 22 అగును. నిండిన గాదెపై మరియొక బస్తా పోసినచో జారి నేలబడుట తప్ప గాదె పెరుగదు.

ఆ పదవ వంతు లాభము నిష్ప్రయోజనమా? పరుగెత్తుచున్నంతసేపు కాదు. ఆక్స్‌ఫర్డునందు వైద్యవిద్యార్థియగు రోజర్ బానిస్టర్, కన్నింగ్‌హామ్ అను శాస్త్రజ్ఞునితో గూడి, కదలు పట్టెడపై పరుగెత్తువారికి 33, 66, 100 పాళ్ల ప్రాణవాయువు గల గాలులను ఇచ్చి చూచెను. 66 పాళ్ల గాలితో ఓర్పు ఎక్కువగా పెరిగెనని 1954లో ప్రకటించిరి. ఆ సంవత్సరముననే మే 6వ తేదీన బానిస్టర్ మైలు దూరమును 3 నిముషముల 59.4 సెకండ్లలో పరుగెత్తి, నాలుగు నిముషముల గోడను మొదట దాటినవాడాయెను. ఆ దినమున పీల్చినది ఇఫ్లీ రోడ్డు మైదానపు గాలియే. సిలిండరు వీపున గట్టుకొని పరుగెత్తుట సాధ్యము గాదు. ఇదియే ఆ లాభమునకు ఆటంకము.

అలసట తీరుటయందైనచో ఆ లాభమునకును తావు తక్కువ. శిక్షణ పొందినవారు స్వచ్ఛమైన ప్రాణవాయువును పీల్చినపుడు కండరమున ఫాస్ఫోక్రియాటిన్ కొన్ని సెకండ్లు ముందుగా కూడుకొనునని 1999లో ఒక పరీక్ష తేల్చినది. న్యాయముగా ఈ జమను వ్రాసికొనవలెను. కాని అది ఎట్లును నిముషములలో తనంత తీరు పద్దు. రెండవ ఆట ఆరంభించునాటికి ఆ సెకండ్లకు విలువ యేమి?

దీనిని పరీక్షించినవారిలో ఒకడు ఎవరనిన, స్వయముగా ఒలింపిక్ విజేత. న్యూజీలాండువాడగు పీటర్ స్నెల్ 1960లో రోములో 800 మీటర్లు, 1964లో టోక్యోలో 800, 1500 మీటర్ల పరుగులు గెలిచి, పిమ్మట అమెరికాకు పోయి, పుస్తకము పట్టి, దేహధర్మశాస్త్రమున పరిశోధకుడాయెను. పతకములు గెలిచిన పిమ్మట ఓనమాలు దిద్దుట అందరికి చేతగాదు. 1989లో అతడును సహచరులును వృత్తిగా సాకర్ ఆడు 12 మందిని అలసిపోవువరకు పరుగెత్తించి, విశ్రాంతియందు ఒకమారు స్వచ్ఛమైన ప్రాణవాయువును, ఒకమారు మామూలు గాలిని పీల్పించి, మరల పరుగెత్తించిరి. రక్తమున లాక్టిక్ ఆమ్లము దిగుటయందుగాని, రెండవ పరుగునందుగాని తేడా కనబడలేదు. ఏది ఏ వాయువో ఆటగాండ్రు పోల్చుకొననైన లేకపోయిరి. మైదానపు ప్రక్కన తొడుగు ధరించి హాయిగా నున్నదని చెప్పువానికి ఆ హాయి యెచ్చటినుండి వచ్చినది? కూర్చుండుటనుండి వచ్చియుండును.

డబ్బీల లెక్క మరియు చిన్నది. పది లీటర్ల డబ్బీని గొప్పగా చూపుదురు. తీవ్రముగా రొప్పు ఆటగాడు నిముషమునకు నూరు లీటర్లకు మించి గాలి పీల్చును. ఆ వేగమున డబ్బీ ఆరు సెకండ్లు వచ్చును.

ఇంకొక నొప్పి కలదు. దానిని అలసటతో కలిపి ఒకే ఖాతాలో వ్రాయుట పెద్ద పొరపాటు. తిరుమల మెట్లు ఎక్కినవానికి ఆయాసము. అది మంటపమున కూర్చున్న కొంతసేపటికి తీరును. మెట్లదారినే దిగివచ్చినవానికి ఆయాసమే యుండదు, కాని మరునాడు తొడలు పట్టుకొని మూల్గును. కారణమేమనగా, దిగునపుడు కండరము సాగుచునే బరువు నాపవలెను. అందుచే సూక్ష్మమైన పోగులు చిట్లును. 1902లో బోస్టన్‌యందు థియోడోర్ హఫ్ అను శాస్త్రజ్ఞుడు ఈ ఆలస్యపు నొప్పిని వెంటనే కలుగు అలసటనుండి వేరుచేసి, ఇది కండరమున చిట్లుటవలననని చెప్పెను. లాక్టిక్ ఆమ్లము గంటలో పోగా, ఈ నొప్పి రెండవ దినమున ముదురును. వెళ్లిపోయినవానిపై దొంగతనము మోపుట న్యాయము గాదు.

ఈ నొప్పికై గాలి బిగించిన గదులు వచ్చినవి. ఆ గదుల శక్తి కల్ల గాదు. 1960లో ఆమ్‌స్టర్‌డామ్ నగరపు శస్త్రవైద్యుడు బోరెమా, పందిపిల్లల రక్తమునందలి ఎర్రకణములను దాదాపు పూర్తిగా తొలగించి, మూడు వాతావరణముల పీడనమున ప్రాణవాయువు నిచ్చి బ్రతికించెను. ఆ పీడనమున నూరు మిల్లీలీటర్ల రక్తద్రవమున సుమారు 6 మిల్లీలీటర్లు కరుగును; ఊరకున్న దేహమునకు అది చాలును. సముద్రమున మునిగి వేగముగా పైకి వచ్చి రక్తమున బుడగలు పుట్టినవారికి, బొగ్గుపొగ విషమునకు లోనైనవారికి ఈ గది ప్రాణదాత. కాని ఆటగాని కండరపు నొప్పికి? ఉన్న పరీక్షలనన్నింటిని కూర్చి 2005లో కాక్రేన్ సమీక్షకులు చూడగా, నొప్పి త్వరగా తగ్గుననుటకు ఆధారము లేకపోవుటయే గాక, ఆలస్యపు నొప్పి కొంత హెచ్చినట్లును కనబడెను. ఆ పరీక్షలు చిన్నవి. ఐనను ధనము చెల్లించువాడు ఈ మాట వినవలెను.

ప్రాణమను పేరున్నంత మాత్రమున ఈ వాయువు అపాయరహితము కాదు. అధికపీడనమున అది మూర్ఛ తెచ్చునని పాల్ బెర్ట్ 1878లోనే గ్రంథస్థము చేసెను. పీడనముచే చెవిపొరలు చెడును. నిప్పురవ్వ తగిలినచో ఏమగునో 1967 జనవరి 27న అమెరికా వ్యోమనౌకలో నేలపైననే దగ్ధమైన ముగ్గురు యాత్రికుల గతి చెప్పుచున్నది. ఆ గదిని నింపినది స్వచ్ఛమైన ప్రాణవాయువే. ఆటలలో దీనిని పీల్చుట నిషిద్ధము మాత్రము కాదు. అంతర్జాతీయ నిషేధ పట్టికయే దానిని మినహాయించినది.

చివరకు ఊరి మైదానపు సంగతి. పోలీసు, సైనిక ఉద్యోగములకై యువకులు ఎండలో పరుగులు సాధన చేయుచున్నారు. అందొకడు తూలి పడి, ఒళ్లు నిప్పువలె కాలుచు, పొంతన లేని మాటలాడినచో అది బడలిక గాదు, వడదెబ్బ. డబ్బీకై గాని సిలిండరుకై గాని పరుగెత్తుచు కాలము వ్యర్థము చేయరాదు. దేహపు వేడిని అవి తగ్గింపవు. తక్షణము నీడకు జేర్చి, దుస్తులు వదులు చేసి, బావి నీరైనను తొట్టి నీరైనను సమృద్ధిగా పోయుచు, విసరుచు, వేరొకరిచే 108 వాహనమును పిలిపింపవలెను. తెలివిలేనివాని నోట నీరు పోయరాదు. పెదవులు నీలి తిరిగినను, ఊపిరి ఆడకున్నను వాహనమున వచ్చువారు తొడుగు పెట్టుదురు. అది వారికి తెలిసిన పని. వాహనము వచ్చువరకు నీరు పోయుట ఆపరాదు.